గుండీలమ్మ ఇంటూ కుట్టు

మా మేడమీద వాటాలో బట్టలు కుట్టే ఆవిణ్ణి అందరూ గుండీలమ్మ అంటారు. అసలు పేరు నాకు తెలుసు, చెప్పను. మొగుడి దెబ్బలు తట్టుకోలేక పసిపిల్లను చంకనేసుకుని వచ్చిన మనిషి. వాడు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

గుండీలమ్మ అన్నది బ్లాగు కోసం పెట్టుకున్న పేరు. ఆ రోజుల్లో పనయ్యాక సందు చివరి నెట్ సెంటర్‌కు వెళ్లి, చొక్కా మెడ ఎలా తిప్పాలో, ఏ గుడ్డ ఉతికితే కురచవుతుందో రాసేది. మొహం లేదు, గొంతు లేదు, ఉత్త అక్షరాలు. చదివేది గుప్పెడు మంది. తీరిగ్గా ఉత్తరాల్లా జవాబులు రాసేవాళ్లు. అవన్నీ నాకు చదివి వినిపించేది. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు గానీ, ఏది మాటో ఏది చెత్తో తెలియనిదాన్ని కాను.

తర్వాత అక్షరాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఫొటోలడిగారు, పెట్టింది. ఆపైన వీడియోలన్నారు. ఎదిగిన కూతురు పట్టుబట్టింది.

"చేతులే చూపిద్దామమ్మా. చేతులమీద పేరు రాసుంటుందా ఏంటి?"

"పైకెక్కించినదాన్ని మళ్లీ దించగలవుటే?" అన్నాను.

"అమ్మమ్మగారూ, మీరు నోరు విప్పితే అపశకునమే!"

కాజా కుట్టడం చూపించారు. లక్షలమంది చూశారట. పిల్ల గంతులేసింది. వీడియో కింద ఎవరో రాసిన మాట చదివి తల్లి గబగబా కిటికీ తలుపులు మూసేసింది.

"వదినా, వెంటనే తీసెయ్. అన్నయ్య ఇంకా చూడలేదు."

రాసింది ఆడబిడ్డ. కాజా చివర దారం వెనక్కి తిప్పి, ఇంటూ గుర్తులా చిన్న కుట్టు వేయడం వాళ్ల మామగారి పనితనం. కొడుక్కీ కూతురికీ కోడలికీ తప్ప నేర్పలేదు. మొహం దాచుకుంది గానీ, చేతి అలవాటు దాచాలని తోచలేదు పిచ్చిదానికి.

తీసేశారు. "పోయినట్టేగా?" అన్నాను.

పిల్ల ఫోను నా ముందుకు జరిపింది. "మన దగ్గర పోయింది. నచ్చినవాళ్లు వాళ్ల పేజీల్లో పెట్టేసుకున్నారు."

"తీసెయ్యమని అడుగు!"

"ఎంతమందినని అడగను? ఒకాయన మా బట్టలు ఈవిడే కుడుతుందని మురిసిపోతూ మన సందు పేరు కూడా రాశాడు."

గుండీలమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది. "వెళ్లిపోతాం పిన్నిగారూ."

"ఎక్కడికి? వెళ్లినచోట ఫోన్లు లేవా? వాణ్ణి నా గుమ్మం దాటి రమ్మను, చూస్తాను!" అన్నాను. అన్నానే గానీ, వెళ్లి వీధి తలుపు గడియ వేసొచ్చాను.

ఉండిపోయింది. పైన మిషను తిరుగుతోంది. మెట్లమీద చెప్పుల చప్పుడైతే ఆగుతుంది. కింద నేనూ కూర తరగడం ఆపుతాను. చప్పుడు పక్క వాటాలోకి వెళ్లిపోతుంది. మిషను మళ్లీ తిరుగుతుంది.

ఇందాక ఆగింది. ఇంకా తిరగలేదు.