బోర్డు మీద పేర్లు

గంట కొట్టకముందే ఐలీన్ బోర్డు తుడవడం మొదలుపెడుతుంది. డస్టరుతో ఒకసారి, తడిగుడ్డతో ఇంకోసారి తుడిచి, గుమ్మం దాకా వెళ్లినదల్లా ఎక్కడైనా అక్షరం మిగిలిందేమోనని మళ్లీ వెనక్కొచ్చి చూస్తుంది. జీతం లేకుండా ఇంగ్లీషు చెప్పడానికి రెండువేల నాలుగులో ఐర్లండ్ నుంచి అనకాపల్లి బడికి వచ్చిన పిల్ల. ఎండకి మెడ కమిలిపోయింది. చున్నీ ఎప్పుడూ ఒక పక్కకే జారిపోతుంది.

వచ్చిన కొత్తలో, ధైర్యంగా ఇంగ్లీషు మాట్లాడిన పిల్లల్ని మెచ్చుకుంటూ వాళ్ల పేర్లు బోర్డు మీద అందంగా రాసింది. కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మోదమ్మ అంతకుముందెన్నడూ నోరు విప్పలేదు. అందుకే ఆ పేరు అన్నిటికన్నా పైన రాసింది. తర్వాత పీరియడు లెక్కల మాస్టారు ఈశ్వరరావుది. మన బళ్లలో బోర్డుకెక్కేవి అల్లరి చేసినవాళ్ల పేర్లే. ఆయన బెత్తం తీశాడు. ఎందుకని పిల్లలూ అడగలేదు, వరసగా వచ్చి చేతులు చాచారు. ఏడుపులు విని ఐలీన్ పరిగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది. "మీకు కొట్టడానికి చెయ్యి రాదు కదా మేడమ్, నేనే నాలుగు తగిలించేసేను" అన్నాడాయన, సాయం చేసిన మనిషిలా నవ్వుతూ.

మర్నాడు ఆమె మోదమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వచ్చీరాని తెలుగులో తప్పు తనదేనని చెప్పింది. ఆ పిల్ల వాచిన చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, "ఇంకెప్పుడూ మాటాడను మేడమ్, ఒట్టు" అంది.