నేను నింపని ఫారం

మా ఊరి చింతతోపులో దయ్యం ఉందని అందరూ చుట్టూ తిరిగి పోతుంటే, చల్లగా ఉంటుందని అక్కడే కూర్చుని ఇంటర్ పరీక్షలకు చదువుకున్నదాన్ని నేను. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. ఇది చదివి మీరు నమ్మాలని కూడా రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. వరి పండించుకునే ఇల్లు. నెల్లూరులో పీజీ చేసేటప్పుడు నా ప్రాజెక్టు తాగునీళ్ల మీద. సముద్రం ఒడ్డు పాళేల్లో ఇంటింటికీ తిరిగి, నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారు, ఎంత దూరం, రుచి ఎలా ఉంటుంది అని అడిగి ఫోన్లో ఫారం నింపాలి. ఆ డేటాని బట్టి ఏ పాళేనికి ముందు నీళ్ల ప్లాంటు కావాలో వరస కట్టి చెప్పాలి. నివేదిక జిల్లా అధికారులకు కూడా వెళ్తుందని మా గైడ్ మేడం మొదటిరోజే చెప్పారు. అందుకని ఒక్క తప్పు కూడా పోకూడదని నాకు ఒకటే భయం.

మైపాడుకి దక్షిణంగా ఒక చిన్న పాళెం ఉంది. పేరు రాయను. అక్కడ ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు, ట్యాంకరు. అదీ రెండు రోజులకోసారి. ఎండు చేపలు అమ్మే రమణమ్మక్క నా ముందే ఖాళీ బిందె తిరగేసి చూపించింది.

"మా అవ్వ కాలంలో ఇసకలో దొరువు తవ్వితే మంచినీళ్లు ఊరేయంట. రొయ్యల గుంటలు వచ్చినాక యాడ తవ్వినా ఉప్పే," అంది.

వారం తర్వాత డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని డేటా సరిచూస్తున్నాను. ఆ పాళెం కింద నేను నింపని ఫారం ఒకటి కనిపించింది. పేరు, కోటమ్మ. నీళ్లు, దొరువు. రుచి, తియ్యన. చివర 'ఇతర వివరాలు' అన్నచోట రెండే మాటలు: ఇసక తియ్యండి.

నేను తెలుగుని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తాను. తెలుగు కీబోర్డు నా ఫోన్లో లేనే లేదు. ఆ మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. ఫారం మీద పడిన సమయం చూశాను. ఆ రోజు ఆ టైముకి నేను క్లాసులో అందరి ముందు నిలబడి సెమినార్ చెబుతున్నాను. ఫోన్ ఆపేసి బ్యాగులో పెట్టుకున్నాను. చూసినవాళ్లు పదిహేను మంది ఉన్నారు.

తీసేశాను. మర్నాడు పొద్దున మళ్లీ ఉంది. మళ్లీ తీసేశాను. మళ్లీ వచ్చింది.

ఆ యాప్ తయారుచేసింది మా క్లాస్‌మేటే, దినేష్. అరగంట వెతికి తల గోక్కున్నాడు. "డూప్లికేట్ అయితే నువ్వు నింపిన వాటిల్లోదే ఏదో ఒకటి రెండుసార్లు రావాలి. ఇది ఎందులోనూ లేదే. కానీ నీ ఫోన్ నుంచే వచ్చినట్టుంది," అన్నాడు.

నా కంగారు దయ్యం గురించి కాదు. ఆ ఒక్క ఫారం లెక్కలో ఉంటే పాళెంలో మంచినీళ్లు ఉన్నట్టు అవుతుంది. వరసలో అడుక్కి పోతుంది. వచ్చే ఆ ట్యాంకరు కూడా ఆగిపోవచ్చు. మేడం దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను.

"అనుమానం ఉన్నదాన్ని ఇక్కడ కూర్చుని తీసెయ్యకూడదమ్మా. వెళ్లి చూసిరా. లేదని తేలితే అప్పుడు తీసెయ్," అన్నారు.

పొద్దున్నే బస్సెక్కాను. రమణమ్మక్కని అడిగితే, "కోటమ్మా? మా పాళెంలో ఆ పేరు గలోళ్లు ఎవురూ లేరే," అంది. అందరికంటే పెద్దాయన జాలయ్య తాతని అడిగాం. ఆయన తన చిన్నప్పుడు కూడా ఆ పేరు వినలేదన్నాడు.

ఫారంలో జీపీఎస్ చోటు కూడా నమోదై ఉంది. ఫోన్ చూసుకుంటూ నడిచాం. సరుగుడు తోపు దాటి, సముద్రం వైపు ఒక ఇసక దిబ్బ. బావి లేదు, గుంట లేదు, కనీసం తడి లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక తీసెయ్యొచ్చని ఒక పక్క తేలిగ్గానూ అనిపించింది.

"తిరిగి పోదాం అక్కా," అన్నాను.

రమణమ్మక్క కదల్లేదు. "ఇసక తియ్యమని ఉందంటివే. ఇసకే గదా, తీస్తే పొయ్యేదేముంది?" అని పార కోసం మనిషిని పంపింది. ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చారు. వంతులేసుకుని తవ్వారు. నేనూ తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. మొలలోతు దిగాక పార దేనికో తగిలి ఖంగుమంది.

కాల్చిన మట్టి ఒర. బావి లోపల వరసగా దించే ఒరల్లో అది పైది. ఎవరో ఎప్పుడో పద్ధతిగా కట్టించిన బావి. అక్కడ బావి ఉండేదని పాళెంలో ఒక్కరికీ తెలీదు.

ఇంకాసేపు తవ్వేసరికి ఇసక నల్లబడింది. తర్వాత నీళ్లు ఊరడం మొదలైంది. కాస్త తేటపడ్డాక రమణమ్మక్క దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంది. అందరం ఆమె మొహమే చూస్తున్నాం. రెండో దోసిలి నా నోటికి పెట్టింది.

తియ్యగా ఉన్నాయి.

నా దగ్గరున్న మీటరు పెట్టి చూశాను. ట్యాంకరు నీళ్లకంటే ఉప్పు తక్కువ చూపించింది. నమ్మలేక రెండు సీసాలు ల్యాబుకి ఇచ్చాను. తాగొచ్చన్నారు.

ల్యాబు వాళ్లు ఆ మాట చెప్పిన సాయంత్రమే రమణమ్మక్క పేరుతో ఈ బావికి కొత్త ఫారం నింపి, కోటమ్మ ఫారం తీసేశాను. ఈసారి అది తిరిగి రాలేదు.

ఆ బావికి ఇప్పుడు సిమెంటు గట్టు కట్టారు. నడివేసవిలో చాలదు కాబట్టి ట్యాంకరు ఆపొద్దని నివేదికలో గట్టిగా రాశాను, ఆపలేదు. ఇసక దిబ్బల కింద ఇలాంటి పాత బావులు ఇంకెక్కడున్నాయో ముందు వెతకాలని కూడా రాశాను. ఆ సూచనని అధికారులు తీసుకున్నారు. ఇంకో రెండు పాళేల్లో వెతికితే ఒకచోట దొరికింది.

వైవాలో ఒకాయన అడిగారు, ఆ చోటు ఎలా గుర్తించావని. "ఫీల్డులో తిరిగాం సార్," అన్నాను. అబద్ధం కాదు. అలాగని పూర్తి జవాబూ కాదు. ఆ ఫారం ఎవరు నింపారో, నా ఫోన్లోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలీదు. దినేష్‌కీ తెలీదు. మేడం మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.

నేనిప్పుడు ఇదే పని ఉద్యోగంగా చేస్తున్నాను. డేటాలో ఎక్కడైనా దేనికీ పొంతన లేని ఎంట్రీ కనిపిస్తే పక్కనున్నవాళ్లు తీసెయ్యమంటారు. నేను ఆ ఊరికి బస్సు ఎన్నింటికుందో కనుక్కుంటాను.