లైబ్రరీ కోసం గట్టిగా మాట్లాడాను

ఈ రోజు మంగళవారం. పొద్దున్నే ఒక వింత: నేను ప్రిన్సిపాల్ గదిలో నోరు తెరవగానే, గొడవ జరుగుతోందనుకుని ప్యూన్ పరుగెత్తుకొచ్చాడు.

మేం విద్యార్థులం అడగబోయింది ఒక్కటే. నాలుగింటికే మూసేస్తున్న కాలేజీ లైబ్రరీని ఏడింటిదాకా తెరిచి ఉంచాలి. మూడు రోజులు మాటలు ఏరి ఏరి, చదువు గొప్పతనం గురించి, ఇక్కడి ఆఫీసు భాష మరాఠీలో రెండు పేజీల వినతిపత్రం రాశాను. నలభై మంది సంతకాలు చేశారు. కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మా ప్రిన్సిపాల్ ఆ కాగితాలు పక్కన పెట్టేసి, తెలుగులోనే అన్నారు:

“ఏంది బిడ్డా, లడాయికొచ్చినవా? జర మెల్లగ మాట్లాడు.”

“లడాయి కాదు సార్! మా ఇంటి గోడ అవతలనే సాంచాలు నడుస్తయి. అమ్మను అన్నం అడగాలన్నా గిట్లనే ఒర్లాలె. ఆ మగ్గాల మోతల ఎట్ల చదువాలె?”

ఆయన పెద్దగా నవ్వారు. తర్వాత, “వారం రోజులు ఏడింటిదాకా తెరిచి చూస్త. కుర్చీలు ఖాళీగుంటే మళ్ల నాలుగింటికే బంద్” అన్నారు.

వినతిపత్రంలో మగ్గాల ఊసే ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా అందమైన వాక్యాలు ఇంకా ఆయన బల్ల మీదే ఉన్నాయి! మీకూ ఇలా జరిగిందా? చెప్పండి.

రేపు పొద్దున ఆరింటికే మేముండే నిజాంపురా గల్లీల్లో ఆ నలభై మంది తలుపులూ కొడతాను. సంతకం పెట్టినవాళ్లు వచ్చి కూర్చోవాలి కూడా.