లల్లా మన్నూబియా నల్లుల లెక్క

లల్లా మన్నూబియాకి, అంటే మన్నూబియా అమ్మగారికి, ఒకటే పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ నల్లులు లెక్కపెట్టందే కుర్చీలో కూర్చోదు. మంచంలో నల్లులు కావు, తేనెటీగల ఒంటికి అంటుకుని పీల్చే ఎర్ర నల్లులు. తబర్కా ఊరి పైన కొండల్లో ఎవరైనా ఎదురుపడితే బాగున్నారా అని అడుగుతారు. ఆవిడ మాత్రం "వందకెన్ని?" అంటుంది, వంద ఈగలకి ఎన్ని నల్లులని.

చేతిసంచిలో గాజుసీసా, వలమూత, మెత్తగా దంచిన పంచదార, తెల్ల పళ్ళెం ఎప్పుడూ ఉంటాయి. గుప్పెడు తేనెటీగల్ని సీసాలోకి దులిపి, రెండు చెంచాల పంచదార పొడి చల్లి, మెల్లగా దొర్లిస్తుంది. పొడి తగిలిందంటే నల్లి కాళ్ళకి పట్టు తప్పుతుంది. సీసా బోర్లించి ఆడిస్తే జలజలా పళ్ళెంలో రాలతాయి. ఈగలకేమీ కాదు. మొహమంతా పౌడరు కొట్టుకున్న పెళ్ళిపేరంటాళ్ళలా తెల్లగా తయారై ఇంటికెళతాయి. అక్కడ అక్కచెల్లెళ్ళు నాకి శుభ్రం చేసుకుంటాయి.

మేనకోడలి నిశ్చితార్థానికి వియ్యాలవారింటికి వెళ్ళి, మధ్యలో మాయమైంది. కుస్‌కుస్ పళ్ళాలు వచ్చే వేళకి పెరట్లోంచి కేక వినబడింది.

"వందకి తొమ్మిది! పిల్లనిస్తాం గానీ, ముందు మీ రాణిని ఇరవై నాలుగు రోజులు బోనులో పెట్టండి!"

పెళ్ళికొడుకు తల్లి చేతిలో గరిటె జారిపోయింది. "నన్నా?"

"నిన్నెందుకమ్మా! ఈగల రాణిని. అది గుడ్లు ఆపితే గదుల్లో పిల్లలుండవు. పిల్లల్లేకపోతే నల్లి దాక్కోవడానికి చోటుండదు."

పెళ్ళీ అయింది, రాణీ విడుదలైంది.

ఇంతటితో ఆగితే బాగుండేది. శుక్రవారం సంతలో ఎర్ర కొంగు తలమీద కప్పుకుని, ఆలివ్ బుట్టల పక్కన నిలబడి అందరి లెక్కలూ చదివేది. "హమ్మాదీకి వందకి ఆరు! ఖ్మైస్‌కి నాలుగు, పర్లేదు!" ఖ్మైస్ ఆ పూట మీసం దువ్వుకున్నాడు. హమ్మాదీ తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు.

అందుకే ఆ ఊరి కుర్రాడు షాద్లీకి ఆవిడంటే హడలు. చనిపోయిన తండ్రి వదిలివెళ్ళిన పన్నెండు తేనెపెట్టెల్లో ఐదు ఆ చలికాలం ఈగలు చచ్చి ఖాళీ అయ్యాయి. ఇంకో చలికాలం ఇలాగే పోతే పెట్టెల్ని పొయ్యిలో పెట్టుకోవడమే. ఎవరికీ చెప్పకుండా ఊరూరా తిరిగే బండివాడి దగ్గర నల్లుల్ని చంపే మందుపట్టీలు కొని కోటు జేబులో దాచాడు. మర్నాడే ఆవిడ దిగింది. షాద్లీ కోళ్ళగూడు వెనక్కి దూరాడు.

"ఒరేయ్, కోడిపుంజుకి బూట్లుండవు. బయటికి రా."

వచ్చాడు. ఆవిడ అప్పటికే సీసా దొర్లిస్తోంది. పళ్ళెంలో రాలినవాటిని వేలితో లెక్కపెట్టింది.

"పదకొండు."

"సంతలో చెప్పకండి లల్లా. మా నాన్న పేరు పోతుంది."

"జేబులో ఏంటది?"

షాద్లీ పట్టీలు తీసి చూపించాడు.

"అది పెడితే నల్లి చస్తుంది, కాదన్ను. కానీ మందు మైనంలోకి ఎక్కుతుంది. నాలుగేళ్ళకి నల్లి దానికి అలవాటు పడుతుంది. అప్పుడేం పెడతావ్? నాకు వేసవి దాకా టైమివ్వు."

"అప్పటికి ఇవీ చస్తే?"

"సంతలో నా పేరు చదువుకో."

ఆ తర్వాత ప్రతి మంగళవారం వచ్చింది. నల్లులు ఎక్కువగా చేరే పోతుటీగల గదులున్న పట్టును కోసి కోళ్ళకు పడేసింది. రాణుల్ని బోనుల్లో పెట్టింది, మళ్ళీ వదిలింది. షాద్లీ పొగడబ్బా పట్టుకుని దూరంగా నిలబడి గొణిగేవాడు, "మా కోళ్ళు బలుస్తున్నాయి, ఈగల సంగతే తెలీదు" అని. సంతలో అతని వంతు వచ్చేసరికి ఆవిడ దగ్గేది, దగ్గి తర్వాతి పేరుకి వెళ్ళిపోయేది. ఊళ్ళో ఆవిడకి ఆయాసం వచ్చిందనుకున్నారు.

వేసవి చివర లెక్క వందకి ఒకటి. షాద్లీ కాఫీ దుకాణంలో తన చెయ్యే ఎత్తి చూపించి చెప్పాడు, "చెయ్యి మంచిదైతే ఈగ బతుకుతుంది!" అని.

మర్నాడు పెట్టె తెరిచి చట్రం ఎత్తాడు. రాణి వీపు మీద ఆకుపచ్చ చుక్క. రెండో పెట్టెలోనూ అదే, మూడోదాన్లోనూ అదే. అది మన్నూబియా తన రాణులకి పెట్టే గుర్తు. పద్దెనిమిదేళ్ళుగా మందు ముట్టకుండా బతికిన ఈగల్నే ఏరి పెంచిన సంతతి అది. నల్లి పట్టిన పిల్లని పసిగట్టి తామే బయటికి లాగేసే జాతి. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి ఎంతడిగినా ఒక్క రాణిని అమ్మలేదావిడ.

కొండెక్కి ఆవిడ తోటకి పరుగెత్తాడు. మూడు పెట్టెలు రాణుల్లేక ఖాళీ అయి ఉన్నాయి.

"మీవి తీసి నాకు పెట్టారా లల్లా?"

"నీ నల్లులు ఈగల మీదెక్కి వచ్చి నా పెట్టెల్లో పడుతున్నాయిరా. నా బాధ నాది." ఆవిడ పళ్ళెం కడుగుతూ తల తిప్పుకుంది. "అయినా మీ నాన్న ఈగల్ని ముద్దుగా చూసుకునేవాడు. పోనీలే అనుకున్నా."

"చెప్పొచ్చు కదా!"

"చెబితే తీసుకునేవాడివా?"

షాద్లీ ఆవిడ చేతిలోని పళ్ళెం అందుకుని తుడవసాగాడు.

మరుసటి వసంతంలో అతను ఆ రాణుల సంతతిని ఆరు కొత్త పెట్టెల్లోకి విడదీశాడు. మూడు భుజాన మోసి ఆవిడ తోటలో దించాడు, మూడు హమ్మాదీకిచ్చాడు. ఆ ఏడు ఆ కొండ మీద ఒక్క పెట్టెలోనూ మందు పడలేదు. తేనె కొనడానికొచ్చిన పట్నం వర్తకుడు చెంచా నాకి, కళ్ళు మూసి తెరిచి, షాద్లీని పక్కకి పిలిచాడు.

"నల్లికి ఏం మందు వాడుతున్నారయ్యా? నాకూ కాస్త ఇప్పించు."

షాద్లీ ఛాతీ విరుచుకుని కొండ మీదికి చెయ్యి చూపించాడు.

"అదిగో, ఆ ఎర్ర కొంగావిడ. అమ్మకానికి లేదు."