పొద్దుతిరుగుడు పువ్వు మీద ఇసుక

చిన్నప్పటి నుంచీ నాకు కూర్చున్న చోట కూర్చోవడం చేతకాదు. ఆలస్యం అమృతం విషం అని నేను, నిదానమే ప్రధానం అని మా అమ్మ, సామెతలతోనే సగం జన్మ పోట్లాడుకున్నాం. అలాంటిదాన్ని తీసుకుపోయి ఫోను దగ్గర కూర్చోబెట్టారు. రెండు వేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. కర్నూలు బయట నంద్యాల రోడ్డులో బండలు అమ్ముకునే ఒకాయన, మార్బుల్‌లో పూలూ లతలూ కోసే వాటర్‌జెట్ మిషను తెచ్చి పెట్టాడు. రేకుల షెడ్డులో మిషను, పక్కనే అద్దాల గది. ఆ గదిలో ఒక ఫోను, ఒక కంప్యూటరు. ఫోను నాది. కంప్యూటరు ముందు కుర్చీ డిజైన్లు గీసే అబ్బాయిది.

నీళ్ళతో రాయిని కోస్తారంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు. అగ్గిపుల్లలో సగం లావుండే నీటిధార. అందులో సన్నటి ఎర్ర ఇసుక కలుస్తుంది. అంగుళం మందం బండలోంచి సర్రున దిగిపోతుంది. కంప్యూటరులో గీత ఎటు తిరిగితే ధార అటు తిరుగుతుంది. ఆ మిషను రాజభోగం చూడాలి! మేం తాగేది బోరులో ఉప్పునీళ్ళు, అది తాగేది ఫిల్టరు చేసిన నీళ్ళు. ఎండాకాలం ట్యాంకరు వస్తే ముందు మిషనుకు పట్టి, మిగిలితేనే మా కుండకు పోసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ ధార రాతిలో తిరుగుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయేదాన్ని. ఫోను మోగుతున్నా వినపడేది కాదు.

డిజైన్ల అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ వారమే కడప నుంచి ఒక శెట్టిగారు ఫోను చేశారు. పొద్దుతిరుగుడు గింజల వ్యాపారం ఆయనది. "మాకు అన్నం పెట్టిన పువ్వమ్మా అది. కొత్తింట్లో హాలు నట్టనడుమ పొద్దుతిరుగుడు పువ్వే ఉండాల. అద్దం మాదిరి మెరవాల" అన్నారు. ఆరడుగుల పువ్వు. చుట్టూ తెల్ల మార్బుల్, పసుపు రాతి రేకులు, నడుమ గింజల చోట మన కడప నల్లబండ.

నేను ఓనరు ముందు నిలబడ్డాను. "సార్, కంప్యూటరు కోర్సు చేసినా. నేను గీస్తా."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సరే, ఈ ఒక్క పువ్వు గీయి. శెట్టి మెచ్చుకున్నాడా, ఆ కుర్చీ నీది. కంప్లైంటు వచ్చిందా, మళ్ళా ఫోను కాడికే. ఇంగ నన్ను అడగొద్దు."

ఒక్క రోజులో గీసేశాను. మిషను నడిపేది ఒక భాయ్, యాభై దాటిన మనిషి, తొందర అనే మాట ఆయన పుట్టినప్పుడు ఇంట్లో లేదు. స్క్రీను చూసి గడ్డం గోక్కుని, "ఇంకొకసారి సూసుకో పాపా" అన్నాడు. "చూసినా భాయ్, కానియ్!" అన్నాను. కోసిన రేకులు నేల మీద పేర్చి చూస్తే ప్రతి రేకు చుట్టూ సందు. ధార మందం లెక్కలో వేయడం మరిచిపోయాను. ధార ఎంత మేర తింటుందో అంత రాయి తగ్గుతుంది కదా, దాన్ని గీతలోనే కలిపి గీయాలి. కోర్సులో మొదటి వారం చెప్పే ముక్క అది! భాయ్ వంగి చూసి, "ముసలోని పండ్ల మాదిరి ఉండాయి నీ రేకులు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓనరుకు ఒక్క మాట చెప్పలేదు. మూల పడి ఉన్న పసుపు రాతి ముక్కలన్నీ ఏరుకొచ్చి, మళ్ళీ గీసుకు రమ్మన్నాడు.

ఈసారి గీత కుదిరింది గానీ కరెంటు కుదరలేదు. రోజుకు నాలుగుసార్లు పోయేది. కోత మధ్యలో ధార ఆగితే, మళ్ళీ మొదలయ్యే చోట అంచు మీద గాటు పడుతుంది. రేకు కొస సన్నగా ఉంటే విరిగే పోతుంది. నేను షెడ్డంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. "నువ్వు తిరిగితే కరెంటు రాదు పాపా, కూసో" అనేవాడు భాయ్. ఎలా కూర్చుంటాను? కుర్చీ కోసమే కదా ఈ తిరుగుడంతా.

చివరికి పువ్వు కడపకు వెళ్ళింది. పరచడానికీ పాలిష్‌కూ భాయ్ వెళ్ళి వచ్చాడు. "అద్దం పాపా. మొగం సూసుకోవచ్చు" అన్నాడు. నేను మాత్రం ముక్కల్ని తప్ప పువ్వును చూడలేదు. గృహప్రవేశానికి శెట్టిగారు మమ్మల్ని పిలిస్తే, ఓనరు మా ఇద్దర్నీ పంపాడు. "ఆయన నోటితో బాగుందనిపించుకోని రాండి" అన్నాడు. ఆ రాత్రి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, బస్సు ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగిందని డ్రైవరు మీద పళ్ళు కొరికాను.

పొద్దున వాకిట్లోంచే ఆ హాల్లోకి చూసి అక్కడే నిలబడిపోయాను. పువ్వు మెరిసిపోతోంది. కిటికీలు, తోరణాలు, పైన తిరిగే ఫ్యాను, అన్నీ అందులో కనపడుతున్నాయి. నేనే గీశానా దీన్ని అని భాయ్‌ని మూడుసార్లు అడిగాను. శెట్టిగారు వచ్చిన ప్రతివారికీ గడప బయటినుంచే చూపించి, "ఇదిగో, ఈ పాపే గీసింది" అంటున్నారు. ఇంకేం కావాలి! మనసులో కుర్చీ ఎక్కి కూర్చున్నాను.

ముహూర్తం తొమ్మిదిన్నర లోపల. ముందు ఆవూ దూడా ఇంట్లోకి రావాలి, వాటి వెనక ఇంటి పెద్ద. ఆ పెద్ద శెట్టిగారి తల్లి. ఇల్లు కడుతున్నన్నాళ్ళూ ఆ అవ్వ గేటు లోపలికి కూడా రాలేదట. "ఆవు ఎనకాలే వస్తా" అందట. ఆవేళ వాకిట్లో కొత్త చీర కట్టుకుని కలశం పట్టుకుని నిలబడి ఉంది.

ఆవు గడప దాటి ముందుకాలు లోపల పెట్టింది. కాలు సర్రున జారింది. రెండో కాలు ఇంకో దిక్కుకు పోయింది. మోకాళ్ళ మీద పడి, బెదిరి, గిట్టలు కొట్టుకుంటూ లేచి వెనక్కి పోయింది. అందరూ "అయ్యయ్యో!" అన్నారు. ఆవును తోలుకొచ్చినాయన మెడ నిమిరి మళ్ళీ లాగాడు. అది కదల్లేదు. గోనెసంచులు పరిచారు. నున్నటి బండ మీద సంచే ఆవుతో పాటు జారింది. అప్పటికిగాని ఎవరికీ తట్టలేదు. నెలల తరబడి గీశాం, కోశాం, మెరిపించాం, మెరిపించింది చాలదని ఇంకా మెరిపించాం. ఆ ఇంట్లోకి మొదట వచ్చేది ఆవని మాలో ఒక్కరికీ గుర్తులేదు.

అయ్యవారు గడియారం చూసుకున్నారు. "పది నిమిషాలు కూడా లేదు శెట్టీ."

"ఆవును వదిలేసి లోపలికి పోదాం రామ్మా" అన్నారు శెట్టిగారు తల్లితో.

"ఆవు రాని ఇంట్లోకి నేను రాను నాయనా. మీరు పోండి" అంది అవ్వ. గొంతు పెంచలేదు. కలశం కిందికి దించలేదు.

గుంపులోంచి ఒక మేస్త్రీ అన్నాడు. "ఇసుక తడిపి పోయండి. కాలు నిలుస్తాది."

కాంపౌండులో కట్టుబడికి మిగిలిన ఇసుక కుప్ప ఉండనే ఉంది. శెట్టిగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నీ పువ్వు కదా. ఇసుక పోస్తే ఏమన్నా అవుతాదా?"

అవుతుంది. అవకుండా ఎలా ఉంటుంది? ఆ రాయిని కోసిందే ఇసుక కలిసిన నీళ్ళు. ఆవు గిట్టల కింద, ఇంతమంది కాళ్ళ కింద నలిగితే మెరుపు మిగలదు. భాయ్ నావైపు చూస్తున్నాడు, ఆయనకూ తెలుసు. అవుతుందంటే శెట్టిగారు ఆగుతారు. పువ్వు మిగులుతుంది, నా కుర్చీ మిగులుతుంది, అవ్వ వాకిట్లో మిగులుతుంది. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. ఆవునే చూస్తోంది. ఇంక ఓపిక పట్టలేకపోయాను.

"ఏం కాదు సార్. పోయండి" అన్నాను. అని ఊరుకున్నానా? నేనే పరుగెత్తి ఇసుక తడిపి గంపకెత్తుకొచ్చి, గడప నుంచి నా పువ్వు మీదంతా నా చేతులతో కుమ్మరించాను.

ఆవు ఇసుక వాసన చూసింది. ఒక కాలు పెట్టింది. నిలిచింది. దూడ దాని పక్కనే గునగునా నడిచింది. వాటి వెనక అవ్వ కలశంతో లోపలికి వచ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను గానీ, నా కారణం వేరు.

పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి. అంతసేపూ వందమంది ఆ ఇసుక మీదే తొక్కారు. మధ్యాహ్నం ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి చూస్తే, పువ్వు వెలిసిపోయినట్టుంది. నల్లబండ నిండా తెల్లటి గీతలు. శెట్టిగారు చాలాసేపు చూసి, "ఏం కాదంటివి కదమ్మా" అన్నారు. ఒక్కమాటే. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం నేను వెళ్ళేసరికే ఆయన ఫోను ఓనరుకు వచ్చేసింది. "ఏం కాదని నువ్వెట్ల చెప్తివి? రాయి సంగతి తెలీదా నీకు?" అని ఓనరు షెడ్డు అదిరేలా అరిచాడు. తెలుసు సార్, తెలిసే చెప్పాను అన్నాను. ఆ మాటకు ఇంకా మండింది. చివరికి భాయ్ మధ్యలో పడి, పాలిష్ మిషను తీసుకుపోతే మెరుపు మళ్ళీ వస్తుందని ఒప్పించాడు. "పోయి మెరిపించి, శెట్టితో బాగుందని సంతకం చేయించుకోని రా. సంతకం తెస్తే కుర్చీ. ఇదే ఆఖరు" అన్నాడు ఓనరు.

రెండు వారాల తర్వాత వెళ్ళాం. శెట్టిగారు అంగట్లో ఉన్నారు. కోడలు వంటింట్లో ఉంది. భాయ్ వైరు విప్పి ప్లగ్గు వెతుకుతున్నాడు. అప్పుడు అవ్వ తన గదిలోంచి వచ్చింది. రెండు చేతులూ గోడకు ఆనించి, పాదం ఎత్తకుండా, ఒక్కో జానెడే జరుపుకుంటూ. గోడ అయిపోయిన చోట ఆగి ఊపిరి పీల్చుకుంది. తెల్లబండ మీద మూడడుగులు భయంభయంగా వేసింది. పువ్వు మీదికి రాగానే నడుం నిలబెట్టి మామూలుగా నడిచింది. నట్టనడుమ నల్లబండ మీద చాప పరుచుకుని, చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

"ఆవు వచ్చిననాడు ఇసుక పోసిన పాపవు కదా నువ్వు?" అంది నన్ను చూసి.

"అవునవ్వా."

"ఈ ఇంట్లో నా కాలు నిలిచేది ఆనాడు ఇసుక పడిన ఈ తావులోనే. తక్కిందంతా నీళ్ళ మీద నడిచినట్టుండాది. మొన్న పడితిని గూడా. కొడుక్కు చెప్పలే, శానా దుడ్లు పెట్టి వేయించినాడు కదా, బాధపడతాడని." భాయ్ చేతిలోని మిషనును చూసింది. "దీన్ని గూడా అద్దం చేస్తారా?"

నాకు నామీదే పట్టరాని కోపం వచ్చింది. మెరుపు, మెరుపు, మెరుపు! ఆవు జారిన రోజైనా నాకు బుద్ధి రాలేదు. ఆవు ఒక్కపూట వచ్చి పోయేది, ఈవిడ ఇక్కడే బతకాలి.

"భాయ్, ప్లగ్గు తీసెయ్" అన్నాను.

"కుర్సీ పాపా?" అన్నాడు మెల్లగా.

"పోతే పోనీ."

ఆయన వైరు చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఆ ఇంటి ఫోనులోంచే శెట్టిగారి అంగడికి చేశాను. "సార్, పువ్వుకు పాలిష్ వేయడం లేదు. కావాలంటే మా ఓనరుకు చెప్పుకోండి. మీ అమ్మ ఇంట్లో ఎట్ల నడుస్తాందో ఒక్కపూట కూసోని సూడండి" అని, ఆయన నోరు విప్పే లోపలే పెట్టేశాను. అవ్వ తల ఎత్తకుండా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది.

సంతకం లేని కాగితం ఓనరు బల్లమీద పెట్టాను. ఆయన అరవలేదు, ఫోను వైపు వేలు చూపించాడంతే. తర్వాతి నెల కంప్యూటరు ముందుకు కొత్త అబ్బాయి వచ్చాడు. ధార మందం మరిచిపోయేవాడు కాదు. నాకు కడుపుమండలేదని చెబితే అబద్ధం. గది అద్దంలో అతని స్క్రీను మీది గీతలు కనపడుతుంటే లేచి అటూ ఇటూ తిరిగేదాన్ని.

ఒకరోజు ఆదోని నుంచి ఎవరో ఫోను చేశారు. హాల్లో నెమలి కావాలట. "అద్దం మాదిరి మెరవాలమ్మా" అన్నాడు.

"అట్లనే సార్. ఇంట్లో పెద్ద వయసోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"మా నాయన ఉండాడు. యాల?"

"ఆయన ఎట్ల నడుస్తాండాడో ఒకసారి సూసి రాండి సార్" అన్నాను. "తొందరేం లేదు. నేను లైన్లోనే ఉంటా."