అరిగిన హ్యాండిల్

జనగామలో తన వర్క్‌షాపు తెరవగానే ధర్మేందర్ మొదట భద్రుకు చాయ్ తెప్పిస్తాడు. ఈ అలవాటు కొత్తది. ఇనుము చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్‌కు హ్యాండిళ్లు ఊడదీసి, తుక్కులో దొరికిన జిరాక్స్ మిషన్ల మోటార్లు బిగించి, దాన్ని పాత కంప్యూటర్‌తో నడిపించే పని మొదలైనప్పటి నుంచి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ హ్యాండిళ్లు తిప్పింది భద్రే. గ్లాసు అందించేటప్పుడు ధర్మేందర్ చూపు అతని మొహం మీదికి పోదు, నేల మీది ఇనుప రజను మీదే ఉంటుంది. "భద్రన్నా, ఇగ నీ చేతులకు జర ఆరామే," అంటాడు. ఆ తర్వాత ఆ చేతులకు పనేముంటుందో మాత్రం చెప్పడు.

ఇవాళ మిషన్ మొదటిసారి తనంతట తానే కదిలింది. స్టూలు మీద కూర్చున్న భద్రు దాన్నే చూస్తున్నాడు. మిషన్ బల్ల జరిగినకొద్దీ, మోకాలి మీదున్న అతని కుడిచెయ్యి లేని హ్యాండిల్‌ని మెల్లగా తిప్పుతోంది. ధర్మేందర్ చటుక్కున స్విచ్ ఆపేశాడు. "ఎందుకు ఆపినవ్? మంచిగనే నడుస్తుంది గద," అన్నాడు భద్రు. "మోటార్ వేడైందన్నా." మోటార్ చల్లగానే ఉంది. సాయంత్రం ఇంటికి పోతూ భద్రు గుమ్మంలో ఆగాడు. తువ్వాల మడతలోంచి, అరిగి నున్నబడ్డ హ్యాండిల్ ఒకటి తీసి చూపించాడు. "తుక్కుల పడేసినవ్ గదా అని తీస్కున్న. నిన్ను అడగలే. తప్పైతే చెప్పు తమ్మీ, ఆడనే పెట్టిపోత."