రిజిస్టర్‌లో లేని ఆటగాడు

టెక్సాస్‌లోని ప్లేనోలో మా అమ్మాయి వాళ్ళ పక్కిల్లు ఒక తొంభై ఏళ్ళ అమెరికన్ ముసలావిడది. నేనూ డెబ్భై దాటినదాన్నే గానీ ఆవిడ ముందు చిన్నపిల్లనే. ఆవిడ చూపు నడిమధ్యలో చెరిగిపోయింది. ఎదుటి మనిషి అంచులు కనిపిస్తాయి, మొహం కనబడదు. గొంతును బట్టి గుర్తుపట్టి నన్ను "టీచర్!" అని కేకేసేది. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యానని ఒక్కసారి చెప్పాను, అంతే.

ఒకరోజు పిలిచి, ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. వాళ్ళ నాన్న చదివిన కాలేజీవాళ్ళు పంపిన నకళ్ళవి. వందేళ్ళ పైనాటి ఫుట్‌బాల్ జట్టుకి మేనేజరుగా ఉన్న విద్యార్థి, ఆ సీజనంతా రాసుకున్న నోట్‌బుక్కు.

"ఆ ఏడు ఆఖరి మ్యాచ్ ఆడానని మా నాన్న చెప్పేవాడు. ఇంట్లో ఎవరమూ నమ్మలేదు. ఆడాడో లేదో నాకు తెలియాలి టీచర్. నేను పోయేలోగా తెలియాలి," అంది.

చదివిపెట్టే దిక్కే లేకపోయిందా అంటే, లేకపోయింది. అంతా కలిపిరాత. ఇక్కడి పిల్లలకి అది రాదు. మా మనవరాలికి చూపిస్తే, "అమ్మమ్మా, ఇది ఏ లాంగ్వేజ్? నూడుల్స్‌లాగా ఉంది," అంది.

"నీ మొహం! ఇంగ్లీషేనే. నాలుగు గీతల కాపీ పుస్తకాల్లో ఇలాంటిది రాయించి రాయించి నా గొంతు పోయింది," అన్నాను. ఈ దేశంలో వీళ్ళకి రానిది, నాకు వచ్చింది ఒక్కటి దొరికిందని లోలోపల తెగ మురిసిపోయాను. అబద్ధమెందుకు చెప్పడం!

ఇక రోజూ పదింటికల్లా వాళ్ళ వంటింటి బల్ల దగ్గర చేరేవాళ్ళం. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరు పెట్టినవాణ్ణి నేనైతే బెంచీ ఎక్కించేదాన్ని. అయినా ఆ మేనేజరు రాత నన్ను కట్టిపడేసింది. మొదటి మ్యాచ్ బురదలో ఓడిపోయారు. రెండోదానికి రైలు తప్పిపోయి, ఎవరి గడ్డిబండో ఎక్కి వెళ్ళి ఆడారు. తోలు టోపీలు ముగ్గురికే ఉన్నాయి. హాస్టల్ వంటావిడ పాత దుప్పట్లు చింపి అందరి మోకాళ్ళకీ మెత్తలు కుట్టిపెట్టింది. ఎవడి మేజోళ్ళు ఎవడు తొడుక్కుపోయాడో కూడా రాశాడు మహానుభావుడు. ఒకడి కాలు విరిగితే, వాణ్ణి రైలెక్కించి ఊరికి పంపేసి, ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదని రాశాడు. గెలిచిన రోజున మాత్రం వాడి అక్షరాలు గీత దాటి పైకెక్కేవి.

నాలుగో రోజున ఆఖరి మ్యాచ్ దగ్గరికి వచ్చాం. పదకొండు పేర్లు. రెండుసార్లు చూశాను. వాళ్ళ నాన్న పేరు లేదు. ముప్ఫై ఏళ్ళు హాజరు పిలిచిన నోరు కదా, ఊరుకుంటుందా?

"ఆబ్సెంట్," అనేసి, కాగితాలు మూసేశాను.

ఆవిడ తలూపింది. "నాకు పదహారేళ్ళప్పుడు, బంధువులందరి ముందూ ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను. ఎడమ చెవి మీద మచ్చ చూపించి, ఆ మ్యాచ్‌లోనే తెగిందన్నాడు. కంచె తీగ గీసుకుందని నానమ్మ చెప్పిందిగా అని పకపకా నవ్వాను. ఆయన చచ్చేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు." కాస్త ఆగి, "సరే, నేనన్నది తప్పు కాదన్నమాట," అంది. ఆ మాటన్నప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఇంటికొచ్చి గోరుచిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నానే గానీ మనసు మనసులో లేదు. ఎందుకో మా స్కూలు కబడ్డీ పోటీలు గుర్తొచ్చాయి. ఒకసారి జ్వరంతో పడుకున్నవాడి పేరు మీద ఇంకొకణ్ణి దింపుతున్నామని డ్రిల్లు మాస్టారు చెవిలో ఊదితే, ఏమీ ఎరగనట్టు ఆ జాబితా మీద సంతకం పెట్టింది నేనే. అప్పుడు తట్టింది. ఆ పదకొండు పేర్లలో కాలు విరిగినవాడి పేరూ ఉంది! కాలు విరిగిన రెండు వారాలకే వాడు లేచొచ్చి పరిగెత్తాడా? ఓసి నా మతి మండా!

చిక్కుళ్ళు అలాగే వదిలేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గడ్డి మీదుగా పరిగెత్తాను. వెనకనుంచి మనవరాలు, "అమ్మమ్మా, వాట్ హ్యాపెండ్?" అని ఒకటే అరుపు.

కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. నేను తొందరపడి మూసేసిన పేజీ తిప్పాను. గెలిచారు. అక్షరాలు గీత దాటి ఎక్కడికో పోయాయి. ఆ కింద చిన్నగా రాసి ఉంది: "కాలు విరిగిన మావాడి పేరు మీద ఆడినవాడికి ఎడమ చెవి తెగింది. నాలుగు కుట్లు. వాళ్ళ నాన్న పాస్టరుగారికి ఆటంటే పాపం. తెలిస్తే చదువు మాన్పిస్తాడు. అడిగితే కంచె తీగ గీసుకుందని చెప్పాలని జట్టంతా ఒట్టు పెట్టుకున్నాం."

"మా తాతయ్య పాస్టరే," అంది ఆవిడ. చెయ్యి తన చెవి మీదకి పోయింది. "కంచె తీగ... మళ్ళీ చదవండి."

మూడుసార్లు చదివాను. మూడోసారికి ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తోంది. పొద్దున నేను తొందరపడ్డానని, తప్పైపోయిందని చెప్పాను.

"మీరు ఒక్క పూట తొందరపడ్డారు. నేను డెబ్భై నాలుగేళ్ళు," అంది. కళ్ళు తుడుచుకుని, "టీచర్, హాజరు మళ్ళీ పిలవండి. ఈసారి ఆయన సొంత పేరుతో," అంది.

నిటారుగా నిలబడి, బడిలో పిలిచినట్టే, పదకొండు పేర్లూ పిలిచాను. కాలు విరిగినవాడి చోట వాళ్ళ నాన్న పేరు పిలిచాను.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.

"ప్రెజెంట్," అంది.